ఓడే జట్టుకు సీజన్ టికెట్: పూర్తి ధరకు తగిన సేవేనా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో పట్టిక అడుగున ఉన్న ఒక జట్టు సీజన్ టికెట్‌ను నిరుడు కొన్నాను. సొంత రింక్‌లో జరిగే 41 మ్యాచ్‌లకూ పూర్తి ధర వసూలు చేసిన యాజమాన్యం, బదిలీల గడువు సమీపించగానే మేలైన ఆటగాళ్లను ఇతర జట్లకు పంపించి, మిగిలిన సీజన్‌ను లాంఛనంగా మార్చివేసింది. కుర్చీలు, సిబ్బంది మర్యాద బాగానే ఉన్నాయి.

ఓడితే, జట్లు కొత్త యువ ఆటగాళ్లను వంతులవారీగా తీసుకునే డ్రాఫ్ట్‌లో ముందుగా ఎంచుకునే అవకాశం దక్కుతుందన్న వాదనను నేను తేలిగ్గా కొట్టివేయను. 1983-84లో అట్టడుగున నిలిచిన పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కు అలా మేటి ఆటగాడు మారియో లెమ్యూ దొరికాడు, 1991, 1992లలో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా దక్కింది. అయితే ముందుగా ఎంచుకునే జట్టేదో తేల్చే లాటరీ 1995 నుంచి అమలులో ఉంది. 2014-15లో బఫెలో సేబర్స్ చిట్టచివరన నిలిచినా, ఆ ఏటి డ్రాఫ్ట్‌లో అందరూ కోరుకున్న కానర్ మెక్‌డేవిడ్ ఎడ్మంటన్ ఆయిలర్స్‌కే దక్కాడు. ఆ సీజన్‌లో అరిజోనా చేతిలో తమ జట్టు ఓవర్‌టైమ్‌లో ఓడినప్పుడు బఫెలో ప్రేక్షకులే హర్షధ్వానాలు చేశారు. డబ్బు చెల్లించిన అభిమానిని ఆ స్థితికి తెచ్చిన విధానాన్ని వ్యూహమని పిలవడానికి నాకు మనసొప్పదు. ఆ తరువాత 2025 వరకు ఆ జట్టు ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు.

మంచు మీద ఉన్న ఆటగాళ్లు, పాపం, ఓడాలని ఆడరు. వారి తదుపరి ఒప్పందం ఆ ఆటపైనే ఆధారపడి ఉంటుంది. వయసు మళ్లిన ఆటగాళ్లను అమ్ముకోవడం సబబే కానీ, గెలుపును వాయిదా వేసిన జట్టు టికెట్ ధరను కూడా తగ్గించాలి. ఐదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. ఈసారి విడి టికెట్లే కొంటాను.