గెలీలియోనా, కసోకెన్ నో ఒన్నానా?

సైన్స్‌తో నేరాలు ఛేదించే జపాన్ సీరియల్ ఏదైనా చెప్పమంటే నాకు రెండు పేర్లు గుర్తొస్తాయి. ఒకటి 2007లో ఫుజి టీవీలో వచ్చిన ‘గెలీలియో’. రెండోది టీవీ అసాహిలో 1999లో మొదలై, సీజన్ల మీద సీజన్లు నడిచిన ‘కసోకెన్ నో ఒన్నా’.

‘గెలీలియో’లో హీరో యుకావా పోలీసు కాదు, ఫిజిక్స్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్నది అతనికి పెద్దగా పట్టదు. అసాధ్యం అనిపించేది ఎలా జరిగిందో తేలాలి, అంతే. మొదటి ఎపిసోడ్‌లోనే ఓ కుర్రాడి తల ఉన్నట్టుండి భగ్గున మండుతుంది! డిటెక్టివ్ ఉత్సుమి పరుగున యుకావా దగ్గరికి వస్తుంది. జవాబు తట్టగానే అతను చేతికి ఏది దొరికితే దానితో, ఎక్కడ పడితే అక్కడ సమీకరణాలు రాసేస్తాడు. కేసుకు అన్ని లెక్కలు అక్కర్లేకపోవచ్చు. అయినా అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

‘కసోకెన్’ కథ క్యోటో పోలీసుల ల్యాబ్‌లో నడుస్తుంది. ఇక్కడ హీరోయిన్ మరికో ఒక్కతే మేధావి కాదు. డీఎన్ఏ, రసాయనాలు, వీడియోలు తలా ఒకరు చూస్తారు. ఒక పరీక్ష తప్పుదారి పట్టిస్తే మళ్ళీ మొదటికే వస్తారు. నిజమైన ల్యాబ్ పనికి ఇదే దగ్గర. టెన్షన్ మాత్రం కాస్త తక్కువ.

నా ఓటు ‘గెలీలియో’కే. తొలి సీజన్ పది ఎపిసోడ్లే కాబట్టి ఒక వారాంతంలో అయిపోతుంది. రోజూ అన్నం తింటూ ఒక్కో కేసు చూసేవాళ్ళు మరికోతో మొదలుపెట్టండి.