విడిగా నడిచే సెంటరా, అందరూ వెళ్లే ఆస్పత్రా, తోటివాళ్ల గ్రూపా: ఏది మేలు?

తాగుడు చేయి దాటిపోయిందనో, డిప్రెషన్ ఇక ఒంటరిగా మోయలేననో తెలిశాక ఎవరికైనా ముందు వచ్చే ప్రశ్న, ఎక్కడికి వెళ్లాలి అని. గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్ వ్యక్తులకు దాని వెనకే ఇంకోటి వస్తుంది: అక్కడ నా గురించి ఎంతవరకు చెప్పాలి? చాలామంది అడుగు ఆగిపోయేది ఈ రెండోదాని దగ్గరే.

ఉన్న దారులు స్థూలంగా మూడు. ఎల్జీబీటీక్యూ వాళ్ల కోసమే నడిచే క్లినిక్కులు, రికవరీ సెంటర్లు ఒకటి. అందరూ వెళ్లే ఆస్పత్రి, డీఅడిక్షన్ సెంటర్, థెరపిస్టు రెండోది. ఒకే రకం కష్టం పడ్డవాళ్లు కలిసి కూర్చునే గ్రూపులు మూడోది. మనవాళ్ల దగ్గరికే వెళ్లాలని కొందరు, జబ్బు ఎవరికైనా జబ్బే కదా, ఇందులో వేరే ఏముందని ఇంకొందరు వాదిస్తుంటారు. నా లెక్కలో రెండూ సగం సగమే నిజం. జబ్బు ఏ దశలో ఉందో చూడకుండా ఏది మేలో చెప్పలేం. మొదటి వారం ప్రాణం నిలబెట్టింది ఆరో నెలలో పనికిరాకపోవచ్చు.

పోల్చడానికి ముందు ఒకదాన్ని పక్కన పడేయాలి. "మారుస్తాం, మామూలుగా చేస్తాం" అని చెప్పే కన్వర్షన్ థెరపీని ఈ వరసలో నిలబెట్టడానికే వీల్లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే స్వలింగ ఆకర్షణను మానసిక రోగాల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఆ పని చేసింది. 2022లో అమల్లోకి వచ్చిన ఆ సంస్థ కొత్త వర్గీకరణలో ట్రాన్స్ వ్యక్తులకు సంబంధించిన అంశాన్ని కూడా మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి బయటికి తెచ్చారు. లేని రోగానికి చేసే వైద్యం ఉన్న రోగాన్ని ముదరబెడుతుంది. తాగుడు మానిపిస్తామని చేర్చుకుని, మధ్యలో ఈ "మార్చే" పని మొదలుపెట్టే చోటు నుంచి వీలైనంత త్వరగా బయటపడాలి.

రోగం కానప్పుడు ఈ సమూహంలో డిప్రెషన్, ఆందోళన, మద్యం సమస్యలు ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయి? ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో మైనారిటీ స్ట్రెస్ అనే నమూనాతో దీన్ని వివరించాడు. అవమానాలు, వివక్ష, దాడులు బయటి నుంచి వచ్చే భారం. ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్న భయం, నిత్యం దాచుకోవడం, లోకం అన్న మాటల్ని తనే నమ్మడం మొదలుపెట్టడం లోపలి భారం. అందరికీ ఉండే టెన్షన్లు ఎలాగూ ఉంటాయి. వాటి మీద ఇది అదనం. ఈ అదనాన్ని ఎవరు పట్టించుకుంటారు, ఎవరు వదిలేస్తారు అన్నదాంట్లోనే మూడు దారులకీ అసలు తేడా.

అయితే మొదటి కొన్ని రోజుల్లో ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య డెలీరియం రావచ్చు. మనిషికి ఎక్కడున్నాడో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండెదడ ఉంటాయి, చూసుకోకపోతే ప్రాణం పోతుంది. జీహెచ్‌బీ అనే మత్తుమందును రోజంతా గంటగంటకీ వాడే అలవాటున్నవాళ్లకు మానిన కొన్ని గంటల్లోనే ఇలాంటి ప్రమాదం మొదలవుతుంది. అప్పుడు కావాల్సింది ఈ లక్షణాల్ని అదుపు చేసే బెంజోడయాజెపిన్ మందుల మోతాదు తెలిసిన డాక్టరు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్, రాత్రి రెండింటికి లేచి చూసే నర్సు. ఆత్మహత్య ఆలోచన గట్టిగా ఉన్నప్పుడూ అంతే. దగ్గర్లో ఏది తెరిచి ఉంటే అక్కడికే పోవాలి. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ల విషయంలో బుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు దొరకడం ముఖ్యం. ఎంత ఆత్మీయంగా ఉన్నా ఆ మందులు ఇవ్వని సెంటర్ కంటే, ముభావంగా ఉండి ఇచ్చే ఆస్పత్రే మేలు. ఈ దశలో నా ఓటు పెద్దాస్పత్రికే.

కాకపోతే ఆస్పత్రిలో నోరు విప్పకుండా ఉండటం కూడా ప్రమాదమే. హెచ్‌ఐవీ మందుల్లో రిటోనవిర్, కోబిసిస్టాట్ ఉన్నవి కొన్ని మత్తుమందుల్ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వవు. ఈస్ట్రోజెన్ వాడే ట్రాన్స్ మహిళకు బైపోలార్ కోసం లామోట్రిజిన్ ఇస్తే, రక్తంలో ఆ మందు స్థాయి తగ్గిపోవచ్చు. ఇవి డాక్టరుకు తెలియాలి. తన బతుకంతా చెప్పాల్సిన పనిలేదు, వేసుకునే మందులూ వాడిన మత్తూ చెబితే చాలు. ట్రాన్స్ వ్యక్తులకు అడ్మిషన్ దగ్గరే ఇంకో గొడవ మొదలవుతుంది: ఏ వార్డులో మంచం, ఏ పేరుతో పిలుస్తారు, హార్మోన్లు కొనసాగిస్తారా. డీటాక్స్ (ఒంట్లోంచి మత్తు దించడం) చేస్తున్నామన్న ఒక్క కారణంతో హార్మోన్లు ఆపేయడం వైద్యం అనిపించుకోదు. ఆపాల్సిన కారణం వేరే ఉంటే అదేమిటో నేరుగా అడగొచ్చు, అడగాలి.

ఒంట్లోంచి మత్తు దిగాక కథ మారుతుంది. ఇప్పుడు ఎందుకు తాగానో మాట్లాడాలి. గ్రూప్ సెషన్లో పదిమంది మధ్య కూర్చున్న గే కుర్రాడు తన ప్రియుణ్ని ప్రియురాలిగా మార్చి చెబుతాడు. ప్రతి వాక్యం పెదవి దాటే ముందు సరిచూసుకుంటాడు. ఇలాంటి కాపలాతోనే తాగుడు మొదలైందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ కాపలా సెషన్లోనూ నడుస్తూనే ఉంది. డిశ్చార్జ్ కాగితం మీద మాత్రం చికిత్స పూర్తయినట్టే ఉంటుంది.

మామూలు థెరపిస్టుల దగ్గర రెండు రకాల తప్పులు జరుగుతుంటాయి. కొందరికి అంతా మొదటి నుంచి వివరించాలి. గంట సెషన్లో ముప్పావు గంట పాఠం చెప్పడానికే పోతుంది, అదీ డబ్బు కట్టి. ఇంకొందరు దీనికి పూర్తిగా రివర్స్. ఆఫీసులో బాస్ వేధిస్తున్నాడని చెప్పినా చివరికి లెస్బియన్ కావడం దగ్గరికే లాక్కొస్తారు. రెండోవాళ్లే నాకు ఎక్కువ చిరాకు, ఎందుకంటే వాళ్లు తమను తాము చాలా విశాల హృదయులమనుకుంటారు.

విడిగా నడిచే సెంటర్లకు బలం ఉన్నది సరిగ్గా ఇక్కడ. అక్కడ పరిచయానికే సగం సెషన్ అయిపోదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1986లో ఈ సమూహం కోసమే ప్రైడ్ ఇన్‌స్టిట్యూట్ మొదలవడానికి వెనకున్న అవసరం ఇదే. కెమ్‌సెక్స్ లాంటి విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శృంగారం కోసమే మెథాంఫెటమిన్, మెఫెడ్రోన్, జీహెచ్‌బీ వాడిన మనిషికి మత్తు మానడం ఒక్కటే సమస్య కాదు. మత్తు లేకుండా మళ్లీ ఒక మనిషికి దగ్గరవడం ఎలా అన్నది అంతకంటే పెద్దది. డేటింగ్ యాప్ తెరిస్తే చాలు, మత్తు ఇంటి గుమ్మం దగ్గర ఉంటుంది. లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ లైంగిక ఆరోగ్యం, కెమ్‌సెక్స్ సాయం రెండూ ఒకే చోట చూస్తుంది. మామూలు డీఅడిక్షన్ కౌన్సెలర్‌కి ఈ మాటలన్నీ విప్పి చెప్పడానికి చాలామందికి గొంతు పెగలదు. చెప్పినా ఆయన ముఖం చూశాక రెండోసారి వెళ్లరు.

ఇంత చెప్పాక, బోర్డు చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. ఎల్జీబీటీక్యూ వాళ్లకు ప్రత్యేక కార్యక్రమం ఉందని చెప్పుకున్న అమెరికా చికిత్సా కేంద్రాలకు పరిశోధకులు ఫోన్ చేసి అడిగారు. 2007లో వెలువడ్డ ఆ ఫలితాల ప్రకారం, దాదాపు 70 శాతం చోట్ల అందరికీ ఇచ్చేదే వీళ్లకూ ఇస్తున్నారు. ప్రత్యేకం అన్నది జాబితాలో టిక్కు మాత్రమే. గోడ మీద ఇంద్రధనుస్సు స్టిక్కర్ అతికించడానికి శిక్షణ అక్కర్లేదు కదా.

అందుకే చేరకముందే ఫోన్లో నాలుగు ముక్కలు అడగడం మంచిది. ఈ సమూహం వాళ్లతో పనిచేసిన కౌన్సెలర్ పేరు చెప్పగలరా? ట్రాన్స్ వ్యక్తికి గది ఎలా కేటాయిస్తారు? గ్రూప్‌లో ఎవరైనా ఎగతాళి చేస్తే సిబ్బంది ఏం చేస్తారు? కుటుంబ సెషన్‌కి భాగస్వామిని రానిస్తారా? కుటుంబానికి తెలియకూడనిది ఫైల్లో ఎలా రాస్తారు? "మాకు అందరూ సమానమే అండీ" అని ఒక్క మాటతో తేల్చేస్తే అనుమానించాలి. మర్యాదగానే అంటారు, కానీ దానర్థం ఇంతవరకూ ఎవరూ ఆలోచించలేదని. "ఇంతకుముందు ఇలా చేశాం, ఇక్కడ ఇబ్బంది వచ్చింది" అని చెప్పేవాళ్లు నయం.

విడి సెంటర్లకు ఇంకో బలహీనత ఉంది, దీని గురించి బయట తక్కువ మాట్లాడతారు. ఈ లోకం చిన్నది. గ్రూప్‌లో ఎదురు కుర్చీలో పాత ప్రియుడు కూర్చోవచ్చు, లేదా మత్తు అమ్మినవాడే కూర్చోవచ్చు. ఇక్కడ చెప్పిన మాట వారాంతానికి స్నేహితుల దగ్గరికి చేరుతుందన్న భయం ఉత్త అపోహ కాదు. పైగా చాలాచోట్ల కార్యక్రమాలు గే పురుషుల్ని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. లెస్బియన్‌కి, ట్రాన్స్ వ్యక్తికి అక్కడా పక్క కుర్చీయే. బైసెక్సువల్‌ని "ఇంకా తేల్చుకోలేదా" అని అడిగేవాళ్లు లోపలా ఉంటారు.

డబ్బు సంగతి కూడా తీసిపారేయలేం. విడి సేవలు నిధుల మీద, రాజకీయాల మీద ఆధారపడి ఉంటాయి. అమెరికా జాతీయ హెల్ప్‌లైన్ 988లో ఈ సమూహం యువత కోసం 2022లో పెట్టిన ప్రత్యేక ఆప్షన్‌ను 2025 జూలైలో తీసేశారు. 988 నంబర్ మాత్రం ఉంది. ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు తమ వైద్యం మొత్తాన్ని ఒక చిన్న విడి క్లినిక్ మీద వదిలేయడం అంత క్షేమం కాదని నేననుకునేది ఇందుకే. మందులకు పెద్దాస్పత్రి, మాట్లాడుకోవడానికి విడి థెరపిస్టు, ఇలా పంచుకోవడం నయం.

పరిశోధన ఏమంటోందని అడిగితే జవాబు విడి సేవల అభిమానులకు కాస్త నిరాశే. మనస్తత్వవేత్త జాన్ పచాంకిస్ బృందం మైనారిటీ స్ట్రెస్‌ని నేరుగా ఎదుర్కొనేలా ఒక కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్స) రూపొందించింది. 2015లో చిన్న ప్రయోగంలో, గే, బైసెక్సువల్ యువకుల్లో డిప్రెషన్, మద్యం వాడకం తగ్గాయి. అయితే అప్పుడు పోల్చింది వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లతో. 2022లో పెద్ద ప్రయోగంలో దాన్ని వేరే కౌన్సెలింగ్ పద్ధతులతో పోల్చినప్పుడు, ప్రధానంగా కొలిచిన అంశంలో తిరుగులేని తేడా తేలలేదు. నాకు దీన్నుంచి అర్థమైంది ఒకటే. మనిషిని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని, పని తెలిసిన థెరపిస్టు దొరికితే, ఆ థెరపిస్టు కూర్చున్న భవనం ఏదన్నది రెండో విషయం.

మూడో దారి, తోటివాళ్ల గ్రూపులు. 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో చేరడానికి కావాల్సిన అర్హత ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. అయినా గే గ్రూపుల్ని తమ డైరెక్టరీలో చేర్చడంపై ఆ సంస్థలోనే చర్చ నడిచి, 1974లో చేర్చాలని తీర్మానించారు. దేవుడి ప్రస్తావన ఇబ్బంది పెట్టేవాళ్లకు, ముఖ్యంగా మతం పేరుతోనే గాయపడ్డవాళ్లకు, 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ లాంటివి ఉన్నాయి. ఖర్చు దాదాపు ఉండదు, ఏళ్ల తరబడి వెళ్లొచ్చు. ఆన్‌లైన్ మీటింగులైతే దగ్గర్లో ఏ సదుపాయమూ లేనివాళ్లకు కూడా అందుతాయి. చాలామందికి ఖాళీ సాయంత్రాలే గండం, ఎందుకంటే అంతవరకూ స్నేహాలన్నీ బార్‌లోనే. ఆ సమయంలో వెళ్లడానికి ఒక చోటు ఉండటం చిన్న విషయం కాదు.

కానీ గ్రూప్ చికిత్స కాదు. మత్తు మానినప్పుడు వచ్చే విత్‌డ్రాయల్‌ని గ్రూప్ ఆపలేదు, మందు మోతాదు గ్రూప్ చెప్పకూడదు. "ఆ మాత్రలు కూడా వ్యసనమే, మానెయ్" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి గ్రూప్‌లో ఒకరిద్దరు తగులుతారు. కొత్తగా మానినవాళ్ల ఒంటరితనాన్ని వాడుకునేవాళ్లూ ఉంటారు.

ఇంట్లో ఎవరికీ తెలియని పదిహేడేళ్ల పిల్లకు విడి సెంటర్ మెట్లెక్కడమే బయటపడటం. ఆ పిల్లకు ముందు హెల్ప్‌లైనో, స్కూల్ కౌన్సెలరో నయం, ఇంట్లో ఎంత చెబుతారో ముందే అడిగి తెలుసుకుని. ఇప్పటికే మామూలు సెంటర్లో ఉండి, గ్రూప్‌లో నోరు విప్పలేకపోతున్న మనిషి అక్కణ్నుంచి పారిపోనక్కర్లేదు. ఒక్క కౌన్సెలర్‌ని విడిగా కలిసి, ఈ విషయం గ్రూప్‌లో మాట్లాడలేను, వ్యక్తిగత సెషన్ కావాలి అని అడగొచ్చు. ఫోన్ అనుమతించే గంటలో క్వియర్ వ్యక్తుల ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చోవచ్చు. డిశ్చార్జ్ తేదీ రాకముందే బయట థెరపిస్టుతో మొదటి అపాయింట్‌మెంట్ పెట్టించమని ఆ కౌన్సెలర్‌నే అడగొచ్చు. ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకున్న అపాయింట్‌మెంట్ చాలావరకు జరగదు.