బకెట్టు వేన్నీళ్లకి 60 రూపాయలు

ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపం మీద రాయడం మొదలుపెట్టాను. డిసెంబరు చివరి వారంలో నాలుగు రోజులు విజయవాడ, గుంటూరు వైపు వెళ్లొచ్చాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, డెబ్భై ఒక్కేళ్ల మా అత్తయ్యగారు. చలికాలం పల్లె ఎలా ఉంటుందో పిల్లాడికి చూపించాలన్నదే నా కోరిక. మంచు కమ్మిన పొలాలు, పిండిముగ్గులు, కొత్త బియ్యం అన్నం, తేగలు. హైదరాబాదు అపార్ట్‌మెంటులో గుమ్మం ముందు స్టిక్కరు ముగ్గు తప్ప వాడికి ధనుర్మాసం అంటే ఏమీ తెలియదు.

మా పెద్దమ్మ వాళ్ల ఊరు దుగ్గిరాల దగ్గరే. కానీ పెదనాన్నకి మోకాళ్ల నొప్పులు, పెద్దమ్మకీ ఓపిక తగ్గింది. నలుగురం వెళ్లి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకని, కృష్ణ ఒడ్డున పల్లెటూరి ఇల్లులా కట్టిన ఒక బస ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేశాను. రెండు రాత్రులకి పన్నులతో కలిపి 11,800 ముందే కట్టించుకున్నారు. నేను ఫోన్ చేసి అడిగింది ఒక్కటే. "పెద్దావిడ ఉన్నారండీ, తెల్లవారుజామున వేన్నీళ్లు వస్తాయా?" "ఇరవై నాలుగు గంటలూ వస్తాయి మేడమ్" అన్నారు.

కారు ప్రయాణం హాయిగా సాగింది. మధ్యాహ్నం ఉండవల్లి గుహలు చూశాం, పిల్లాడు ఏకశిలలో చెక్కిన అనంతశయనస్వామి పాదాల దగ్గర్నుంచి తల దాకా అడుగులు లెక్కపెట్టుకున్నాడు. సాయంత్రానికి బసకి చేరాం.

చూపుకి బాగుంది. మట్టిరంగు గోడలకి తెల్లని చారలు, వాకిట్లో ఎడ్లబండి, గుమ్మం ముందు పెయింటుతో వేసిన ముగ్గు. లోపలికి అడుగు పెట్టగానే పెద్ద రాగి కాగు, దాని నిండా నీళ్లు, నీళ్ల మీద బంతిపూల రేకులు. అత్తయ్య ఆగి, దాని అంచు చేత్తో తడిమి, "మా పుట్టింట్లో అచ్చం ఇలాంటిదే. ఇంటిల్లిపాదికీ అందులోనే కాగేవి" అన్నారు. ఆవిడ ముఖం చూసి డబ్బు దండగ కాలేదనుకున్నాను.

రాత్రి చలిమంట వేయించుకుంటే 800 అన్నారు. పిల్లాడి కోసం సరేనన్నాం. ప్యాకింగ్ పెట్టెల చెక్కలు తెచ్చి కిరసనాయిలు గుమ్మరించి అంటించారు. నల్లటి పొగ, ముక్కుపుటాలు మండిపోయే వాసన. పిల్లాడు దగ్గుతూ గదిలోకి పారిపోయాడు. పక్క మీద ఒక్క పల్చటి దుప్పటి. రగ్గు కావాలంటే ఒక్కోటి 150. అత్తయ్యకి, పిల్లాడికి రెండు తీసుకుని మేమిద్దరం శాలువాలు కప్పుకుని పడుకున్నాం.

అసలు బాధ తెల్లారాక. ధనుర్మాసంలో అత్తయ్య నాలుగున్నరకే లేస్తారు. తలారా స్నానం, దీపం, తిరుప్పావైలో ఆ రోజు పాశురం, ఆ తరవాతే కాఫీ చుక్క. నాకు పెళ్లయిన ఈ పదమూడేళ్లలో అది తప్పడం నేను చూడలేదు. కుళాయి తిప్పితే నీళ్లు వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. పావుగంట వదిలినా అంతే. మావారు వెళ్లి నిద్రపోతున్న కుర్రాణ్ణి లేపితే, "సోలార్ సార్. రెండు రోజులుగా మంచు పట్టి ఎండ రాలేదు" అన్నాడు. గీజర్ ఉన్న గదులు వేరే ఉన్నాయట, వాటికి రోజుకి 1,500 ఎక్కువట. ఆ మాట ఫోన్‌లో ఎందుకు చెప్పలేదు? వంటమనిషి ఏడున్నరకి వచ్చాక గ్యాస్ మీద కాచి ఇస్తారు, బకెట్టుకి 60 అన్నాడు. పెద్దావిడకి ఒక్క బకెట్టు వేన్నీళ్లు ఇవ్వడానికి ధర పెట్టిన మనుషుల్ని నేను మొదటిసారి చూశాను.

ఆ నీళ్లు వచ్చేసరికి ఎనిమిదీ నలభై. అప్పటిదాకా అత్తయ్య శాలువా కప్పుకుని మంచం అంచున కూర్చునే ఉన్నారు. వెలిగించని ప్రమిద, అగ్గిపెట్టె పక్కనే. ఒక్క మాట అనలేదు. మధ్యలో ఒకసారి "వాడికి పాలు పట్టించావా?" అని మాత్రం అడిగారు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

మావారు ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడారు. రెండో రాత్రి డబ్బు వెనక్కి ఇవ్వం, పండగ సీజను అన్నారు. గట్టిగా నిలదీస్తే చలిమంట 800 మాత్రం బిల్లులోంచి తీసేశారు. నాలుగు బకెట్లకి 240, రగ్గులకి 300 కట్టి బయటపడ్డాం. మీరు ఇలాంటి చోట బుక్ చేసేటట్టయితే వేన్నీళ్లు ఉన్నాయా అని అడగొద్దు, గీజరా, సోలారా అని అడగండి. జవాబు మెసేజ్‌లో పెట్టించుకోండి. మొత్తం డబ్బు ముందే ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకండి.

కారులోంచే పెద్దమ్మకి ఫోన్ చేశాను. సంగతంతా విని కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా దొడ్లో కాగు ఉండగా నువ్వు నీళ్లు కొనుక్కున్నావా అమ్మాయ్?" అంది. ఆ ఒక్క మాటకి నాకు మళ్లీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. వరి కోతలు అయిపోయాయి, దారి పొడుగునా గడ్డివాములు. వరి మోళ్ల మధ్య దుక్కి దున్నకుండానే మొక్కజొన్న పెట్టారు. మా చిన్నప్పుడు వరి తరవాత మినుమే ఉండేది కదా అంటే, పల్లాకు తెగులు దెబ్బకి చాలామంది మినుము మానుకున్నారని పెదనాన్న చెప్పారు.

పెద్దమ్మ అరుగు దిగి వచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "రండి వదినగారూ, ముందు కాళ్లకి వేన్నీళ్లు పోసుకోండి." దొడ్లో ఇటుకల పొయ్యి మీద మసిపట్టిన కాగు. కింద కొబ్బరి మట్టలు, పత్తికట్టె. మర్నాడు అయిదింటికి అత్తయ్య ఆ నీళ్లతో స్నానం చేసి, పొగవాసన వేస్తున్న తడిజుట్టుకి తుండు చుట్టుకుని, తులసికోట దగ్గర దీపం పెట్టారు. పాశురం ఎప్పుడూ గొంతులోనే చదువుకునే మనిషి, ఆ రోజు పైకి చదివారు. పెద్దమ్మ వంటింట్లోంచే అందుకుంది.

మంచులో ఎదురింటి గోడ కూడా కనబడలేదు. పెద్దమ్మ పిండిముగ్గు వేస్తుంటే మావాడు గొబ్బెమ్మలు చేసి గుమ్మడిపూలు గుచ్చాడు. ఏడింటికి చిడతల చప్పుడు. హరిదాసుగారు వీధి మొదట్లో బండి ఆపుకుని, తలమీద అక్షయపాత్రతో నడిచి వచ్చారు. పిల్లాడు దోసిలితో బియ్యం పట్టుకుని నిలబడితే, వాడి ఎత్తుకి మోకాలి మీద వంగి పోయించుకున్నారు. వాడు ఆ రోజంతా అదే చెప్పాడు.

భోజనం గురించి చెప్పాలి. కొత్త బియ్యం మెత్తబడకుండా ఎసరు తగ్గించి వండింది. వెల్లుల్లికారం వేసిన చిక్కుడుకాయ కూర, గోంగూర పండుమిరప పచ్చడి, గడ్డపెరుగు. ఈ చలికి మా ఇంట్లో పెరుగు తోడుకోదు, నీళ్లలా ఉంటుంది. నీకెలా తోడుకుందని అడిగితే, పాలు మామూలుకన్నా కాస్త వేడి మీద తోడుపెట్టి, గిన్నెకి పాత తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన ఉంచుతానంది. ఇంటికొచ్చాక చేసి చూశాను, కత్తితో కోసినట్టు వచ్చింది.

ఇక తేగలు. తాటిపళ్లు తిన్నాక మిగిలిన టెంకల్ని పెదనాన్న వర్షాకాలంలోనే దొడ్లో ఇసక కలిపిన మట్టిలో పాతర వేయించారు. టెంక పైనే ఉంటుంది, మొలక నిలువుగా కిందికి దిగుతుంది. మట్టి గుల్లగా ఉంటేనే తేగ వంకర లేకుండా లావుగా ఊరుతుంది. పాలేరు తవ్వి తీస్తుంటే మావాడు ఒక్కో తేగా లెక్కపెట్టి వరసగా పేర్చాడు, అరవై రెండు. టెంకలు నరికి, లోపల బుర్రగుంజు, అదే తెల్లటి తియ్యటి గుజ్జు, ఉన్నవి పిల్లలకి ఇచ్చేశారు. తేగల్ని పాత కుండలో కుక్కి, మూతికి గడ్డి అడ్డం పెట్టి బోర్లించి, చుట్టూ పిడకలు, తాటాకు వేసి కాల్చారు. ఆ మంట చుట్టూనే అందరం కూర్చున్నాం. బసలో చలిమంట దగ్గర్నుంచి పారిపోయిన పిల్లాడు ఇక్కడ పెదనాన్న ఒళ్లోంచి కదల్లేదు.

వేడివేడి తేగ పొట్టు ఒలిచి, మధ్యకి చీలిస్తే లోపల సన్నగా, లేత పసుపుగా, వేలంత పొడుగు మొలక. దాన్నే చందమామ అంటారు. పీచు ఉండదు, నోట్లో వేసుకుంటే లేత తీపి. మా చిన్నప్పుడు చందమామ కోసం నేనూ మా అన్నయ్యా కొట్టుకునేవాళ్లం. పెదనాన్న మొదటి చందమామ తీసి మావాడికిచ్చారు. వాడు పరుగెత్తుకెళ్లి వాళ్ల నానమ్మ నోట్లో పెట్టాడు.

తిరుగుదారిలో గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు చూశాం. చెట్ల నిండా గూడబాతులు, కొంగలు. పొద్దున్నే వెళ్లండి, పిల్లలుంటే తప్పకుండా వెళ్లండి. ఆఖరి రాత్రి విజయవాడ గాంధీనగర్‌లో చిన్న లాడ్జి, గదికి 1,400. లిఫ్టు పాతది, గోడలకి పెచ్చులు. కానీ వేన్నీళ్లు ఉదయం 4 నుంచి 9 వరకు అని రిసెప్షన్‌లో రాసిపెట్టారు, నాలుగింటికి కుళాయిలో పొగలు కక్కుతూ వచ్చాయి. దీపం పెట్టుకోవాలి, నిప్పుతో ఇబ్బంది లేదు కదా అని అత్తయ్య అడిగితే, అక్కడి పెద్దాయన తనే ఒక ఇత్తడి పళ్లెం తెచ్చిచ్చి కింద పెట్టుకోమన్నాడు. అమ్మవారి దర్శనం బాగా అయింది. భవానీ దీక్షల విరమణ రోజులు చూసుకుని వెళ్లండి, ఆ రోజుల్లో కొండ మీద జనం విపరీతం.

పెద్దమ్మ ఇంటి రెండు రోజులకి మాకైన ఖర్చు పాలేరుకి మావారిచ్చిన 500. ఆవిడ మాత్రం కారు డిక్కీలో పది కిలోల కొత్త బియ్యం, కంద, ఇరవై తేగలు ఎక్కించింది. కాల్చిన తేగలు మూడు రోజులకే గట్టిపడ్డాయి. మిగిలిన వాటిని అత్తయ్య సన్నగా తరిగి బాల్కనీలో ఎండబెట్టారు. బాగా ఎండాక పిండి పట్టించి రొట్టెలు చేస్తారట.