బట్ట రీత్: ముడివేయాలా, చుట్టాలా, గుచ్చాలా?

వేసవిలో వచ్చే పండగకో సెలవు రోజుకో తలుపుకి బట్టతో రీత్, అంటే గుండ్రటి దండలాంటి అలంకారం, చేసి తగిలించాలంటే బోలెడు పద్ధతులు కనిపిస్తాయి. విడదీసి చూస్తే వాటిలో ముఖ్యమైనవి మూడే. తీగ రింగుకి గుడ్డ పీలికలు ముడివేయడం ఒకటి, అట్ట రింగు చుట్టూ గుడ్డ చుట్టడం రెండోది, థర్మోకోల్ రింగులోకి చిన్న చిన్న ముక్కలు గుచ్చడం మూడోది. మూడూ చూడముచ్చటగానే ఉంటాయి. ఖర్చు దగ్గర, ఓపిక దగ్గర, ఎండకి ఆగడం దగ్గరే తేడా. నేను ముడివేసేదాని పక్షం. అయితే అది అన్నివేళలా చవక కాదు, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

చవకగా చేద్దామనుకునేవాళ్ళు ముందు రింగు ధర చూస్తారు. రింగుదేముంది, అట్టపెట్టె కోసినా అవుతుంది, పాత హ్యాంగరు వంచినా అవుతుంది. ఖర్చంతా బట్టది. 30 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న రింగు తీసుకుందాం. నాలుగు వరసల తీగ చట్రం, అంటే ఒకదానిలో ఒకటిగా నాలుగు తీగ వలయాలు ఉన్నది, నిండుగా కనిపించాలంటే 2.5 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల పొడవు ఉన్న పీలికలు 250 దాకా పడతాయి. 110 సెంటీమీటర్ల పన్నా బట్ట మీటరు కోస్తే అలాంటివి 240 వస్తాయి. అంటే మీటరు బట్ట మొత్తం ఒక్క రీత్‌కే సరి. అదే రింగు అట్టతో చేసి, 5 సెంటీమీటర్ల పట్టీని ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా చుట్టుకుంటూ పోతే నాలుగైదు మీటర్ల పట్టీ చాలు. అది పావు మీటరు బట్టలోంచే వచ్చేస్తుంది. గుచ్చే పద్ధతికి 6 సెంటీమీటర్ల చదరపు ముక్కలు 150 వరకూ కావాలి, అంటే దాదాపు అర మీటరు. బట్ట కొత్తగా కొనాల్సి వస్తే చుట్టడమే చవక. అందులో మరో మాట లేదు.

పాత బట్ట ఇంట్లో ఉంటే లెక్క మారిపోతుంది. ఒక పాత దుప్పటి చాలు. దుప్పట్లు మధ్యలో అరిగి పల్చబడతాయి గానీ అంచుల వైపు గట్టిగానే ఉంటాయి. ఆ గట్టి భాగం ఒక్కటే తీసుకున్నా ఒక రీత్‌కి సరిపడా పీలికలు వచ్చి ఇంకా మిగులుతాయి. చొక్కాలు పనికిరావని కాదు. కాలరు, బొత్తాల పట్టీ, జేబు, కుట్లు తీసేస్తే మిగిలేది తక్కువ, కత్తెర పని ఎక్కువ. వీపు ముక్క మాత్రం బాగా అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి. నూలు బట్టని కొయ్యక్కర్లేదు, చింపొచ్చు. అంచు దగ్గర సెంటీమీటరు గాటు పెట్టి రెండు చేతులతో లాగితే పోగు వెంబడి తిన్నగా చిరిగిపోతుంది. అంచున వేలాడే నాలుగు పోగుల్ని లాగి పారేస్తే, మెత్తగా, కాస్త నూగుగా ఉండే అంచు మిగులుతుంది. ముడివేసే రీత్‌కి ఆ నూగే అందం. పాలిస్టర్ కలిసిన బట్ట ఇంత బుద్ధిగా చిరగదు, దానికి కత్తెరే గతి. గుచ్చే పద్ధతిలో కోసిన అంచులన్నీ మన మొహం వైపే చూస్తుంటాయి కాబట్టి పోగులు ఊడితే వెంటనే తెలిసిపోతుంది. దానికి జిగ్‌జాగ్ కత్తెరతో కోసిన ముక్కలో, టీషర్టు ముక్కలో వాడటం మంచిది. టీషర్టు బట్ట అల్లిక కాబట్టి పోగులు లేవవు.

ఇక ముడి. పీలికని తీగ కిందుగా పోనిచ్చి, రెండు కొసలూ పైకి తెచ్చి ఒక్క ముడి వేస్తే చాలు. నూలుకి నూలు పట్టుకుంటుంది, రెండో ముడి అవసరం ఉండదు. జారుడు బట్టలకి, అంటే శాటిన్ లాంటివాటికి, రెండు ముళ్ళు తప్పవు. వేసిన ముడిని వేలితో వెనక్కి నెట్టి ముందు ముడికి ఆనించాలి. ఈ నెట్టడంలోనే నిండుతనం అంతా ఉంది. బద్ధకించి వదులుగా వదిలేస్తే మధ్యలో తీగ కనపడుతుంది. లోపలి తీగలు ముందు నింపండి. బయటివి ముందు నింపితే ఆ పీలికల మధ్యకి వేళ్ళు దూరవు. కొసలన్నీ ముందువైపుకే రావాలి. వెనక్కి తిరిగినవి రీత్‌ని తలుపుకి ఆననివ్వవు.

నాలుగు వరసల చట్రం దొరకకపోతే హ్యాంగరు తీగని గుండ్రంగా వంచుకోవచ్చు. తగిలించే కొక్కెం దానికే ఉంటుంది, అదో సుఖం. 90, 100 పీలికలతో పని అయిపోతుంది కాబట్టి బట్ట కూడా సగానికి సగం తక్కువ. కాకపోతే ఒంటి తీగ మీద ముళ్ళు గిర్రున తిరిగిపోతాయి, కొసలు తలోవైపు వేలాడతాయి. అందుకని ముందు తీగంతా ఒక సన్నని పీలికతో బిగుతుగా చుట్టేసి, దాని మీద ముళ్ళు వేయండి. గుడ్డ మీద గుడ్డ పట్టు దొరుకుతుంది, ముడి కదలదు. ఎంబ్రాయిడరీకి వాడే చెక్క రింగు ఉన్నా మంచిదే. దాని లోపలి వలయాన్ని, బయటి వలయాన్ని విడదీస్తే రెండు రీత్‌లకి రెండు రింగులు.

వేసవి కోసం చేస్తున్నాం కాబట్టి ఎండ సంగతి గట్టిగా ఆలోచించాలి. చాలామంది ఈ పని అనగానే గ్లూ గన్ను తీస్తారు. ఆ జిగురు వేడికి కరిగి అతుక్కునేదే కదా, మళ్ళీ వేడి తగిలితే మెత్తబడుతుంది. ముదురు రంగు తలుపు మీద మధ్యాహ్నమంతా ఎండ పడితే అతికిన కొసలు ఊడి వేలాడతాయి. ముడి రీత్‌లో జిగురు చుక్క ఉండదు, నా మొగ్గు అటు ఉండటానికి మొదటి కారణం ఇదే. చుట్టే పద్ధతిలో జిగురు మొదట్లో, చివర్లో మాత్రమే పడుతుంది. ఆ రెండు చోట్లా సూదీ దారంతో నాలుగు కుట్లు వేస్తే ఆ బెడదా ఉండదు. థర్మోకోల్‌తో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. కొన్ని ఘాటైన జిగుర్లు దాన్ని తినేస్తాయి, పూసిన చోట గుంట పడుతుంది.

అట్టకి ఎండ కంటే తేమ శత్రువు. రాత్రి మంచు పడినా, చిన్న జల్లు తగిలినా మెత్తబడి వంగుతుంది. రెండు అట్టల్ని, లోపలి గీతలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వచ్చేలా అతికిస్తే కొంత బలం వస్తుంది గానీ తడికి అదీ ఆగదు. ఈత నేర్చుకునేవాళ్ళు పట్టుకునే పొడవాటి ఫోమ్ గొట్టం పాతది ఉంటే, రెండు కొసలూ కలిపి టేపు వేసి రింగు చేసేయండి. నీళ్ళు పీల్చదు, బరువుండదు, పైన గుడ్డ చుట్టడానికి అట్ట కన్నా వీలుగా ఉంటుంది. ఆరుబయట తగిలించేదైతే చుట్టే పద్ధతికి నేను దీన్నే ఎంచుకుంటాను. గుండ్రంగా, లావుగా వస్తుంది కాబట్టి బట్ట కాస్త ఎక్కువ పడుతుంది, అంతే.

రంగుల దగ్గర ఒక పరీక్ష తప్పకుండా చేయండి. తెలుపు పక్కన ఎరుపో ముదురు నీలమో పెట్టబోతున్నారంటే, ముందు తడిపిన తెల్ల గుడ్డతో ఆ రంగు బట్టని గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ బట్టని విడిగా ఉతికి, మళ్ళీ రుద్ది చూసి, అంటడం ఆగాకే వాడాలి. లేకపోతే ఒక్క వానకి తెలుపంతా గులాబీ మరకలవుతుంది. జెండా రంగులతో చేసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. పాత బట్టలకి ఇక్కడ కూడా పైచేయి ఉంది. ఎన్నో ఉతుకులు చూసినవి కాబట్టి పోవాల్సిన రంగు ఎప్పుడో పోయింది. ఎండకి వెలవడం వేరు, దాన్ని పూర్తిగా ఆపలేం. మామూలుగా నూలు కన్నా పాలిస్టర్ రంగు ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండు మూడు రోజుల పండగకి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. వేసవంతా తలుపు మీదే ఉంచాలనుకుంటే పాలిస్టర్ కోసుకోవచ్చు.

చూపు సంగతికొస్తే, ముడి రీత్ దూరం నుంచి బాగుంటుంది, చుట్టింది దగ్గర నుంచి బాగుంటుంది. ముళ్ళలో డిజైను కనపడదు. పెద్ద పూల బట్టని 2.5 సెంటీమీటర్ల పీలికలుగా చింపితే పువ్వు మాయమై రంగు ముక్కలే మిగులుతాయి, ఆకుపచ్చా గులాబీ కలిసి గజిబిజిగా కనిపిస్తాయి. కాబట్టి ముడికి ఒకే రంగు బట్టలు, సన్న చుక్కలు, సన్న గీతలు వాడి, పూల బట్టని చుట్టడానికి దాచుకోండి. రెండు మూడు రంగులే పెట్టండి. వాటిని కలగాపులగంగా కట్టడం కన్నా ఒక్కో రంగుని పదేసి ముళ్ళ గుత్తులుగా కడితే వీధిలోంచి చూసినా రంగు తెలుస్తుంది. గుచ్చింది మాత్రం ఏ దూరం నుంచి చూసినా ఒత్తుగా, బంతిపువ్వులా ఉంటుంది. అందంలో దానిదే పైమెట్టని ఒప్పుకోవాల్సిందే.

అయినా థర్మోకోల్ రింగు కొనమని ఎవరికీ చెప్పను. గుచ్చుతున్నంతసేపూ తెల్లటి పూసలు రాలుతుంటాయి, అవి చేతులకీ బట్టలకీ అంటుకుని దులిపినా పోవు. మట్టిలో కలవవు. ఒక్క పండగకి చేసే వస్తువు కోసం అంత చెత్త అక్కర్లేదు. ఇంట్లో ఏదో పాతది పడి ఉంటే వాడేయండి. మొద్దు పెన్సిలు కొసకి ముక్క మధ్యభాగం పెట్టి, సెంటీమీటరున్నర లోతుకి నొక్కి, పెన్సిలు మెల్లగా తిప్పుతూ వెనక్కి లాగితే గుడ్డ లోపలే ఉండిపోతుంది. రెండు సెంటీమీటర్ల ఎడంలో గుచ్చుకుంటూ పొండి.

పిల్లలతో కలిసి చేసేవాళ్ళకి ముడి తర్వాతే ఏదైనా. బూట్ల లేసు కట్టడం నేర్చుకుంటున్న వయసు పిల్లలు ఒక్క ముడి చకచకా వేసేస్తారు. ఒకళ్ళు చింపుతుంటే ఒకళ్ళు కడతారు, మధ్యలో వదిలేసి వెళ్ళినా పని చెడదు. చుట్టడం అలా కాదు, చెయ్యి వదిలితే బిగువు పోతుంది. అయితే రేపే పండగ, చేతిలో ఒక్క గంటే ఉంది అంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అట్ట రింగుకి చుట్టేయండి, 250 ముళ్ళు గంటలో తెమలవు.

పండగ అయ్యాక చుట్టిన రీత్‌లో తిరిగి వచ్చేది పట్టీ ఒక్కటే. ముడి రీత్‌కి రంగు మార్చడం తేలిక. తెల్ల పీలికలు అలాగే ఉంచి, రంగువి మాత్రం విప్పి మరో రంగు కట్టుకోవచ్చు. ఒక్క ముడే కాబట్టి గోటితో లాగితే వచ్చేస్తుంది. రింగుతో సహా నీళ్ళలో ముంచి ఉతకొద్దు, మామూలు ఇనుప తీగ తుప్పు పట్టి బట్టకి మరకలు పడతాయి. తలకిందులుగా పట్టుకుని దులిపి, పాత దిండు గలీబులో వేసి మేకుకి వేలాడదీయండి. పెట్టెలో అడుగున పెడితే పీలికలన్నీ ఒకవైపుకి అణిగిపోతాయి.