పసుపులో సీసం ‘0.0025 శాతమే’ అంటే నమ్మి కొనకండి

పసుపు కొమ్ములు మర పట్టించి ఇంటికే పంపుతామన్న ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఏడాదికి సరిపడా పొడి తీసుకున్నాం. దాంతోపాటు ల్యాబ్ నివేదిక కూడా పంపారు. అందులో సీసం ఎదురుగా 0.0025 శాతం అని ఉంది. ఫోను చేసి అడిగితే, “పావు శాతంలో వందో వంతండీ, అదొక లెక్కా?” అన్నారు. డబ్బు వాపసు ఇవ్వలేదు. ఇదే మాట ఇంకెంతమంది తల్లులకు చెబుతున్నారోనన్నదే నా కోపం.

లెక్కే, చాలా పెద్ద లెక్క. పసుపులో సీసం 10 పీపీఎం మించకూడదని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు. కిలోకు పది లక్షల మిల్లీగ్రాములు కాబట్టి, ఒక పీపీఎం అంటే కిలోలో ఒక మిల్లీగ్రాము. శాతంలో ఉన్న అంకెను 10,000తో హెచ్చవేస్తే పీపీఎం వస్తుంది. 0.0025ను అలా హెచ్చవేసి చూడండి: 25. పరిమితికి రెండున్నర రెట్లు! సున్నాల వెనుక దాగింది ఇదే.

కడుపులోకి వెళ్ళేదెంతో కూడా చూడాలి. 25 పీపీఎం అంటే గ్రాము పసుపులో 25 మైక్రోగ్రాముల సీసం (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు). కూరలో, పప్పులో, పాలలో కలిపి ఒక పిల్లవాడు రోజుకు గ్రాము పసుపు తింటాడనుకుందాం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లలకు మొత్తం ఆహారం నుంచి అందే సీసానికి పెట్టుకున్న ప్రమాణం రోజుకు 2.2 మైక్రోగ్రాములు. ఒక్క పసుపుతోనే దానికి పదకొండు రెట్లు దాటిపోతుంది. ఆ లెక్కన 10 పీపీఎం ఉన్న పసుపు కూడా నాకు సమ్మతం కాదు. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోహమిది. సీసానికి సురక్షితమైన మోతాదు ఇదీ అని తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది.

ఈ సీసం నేల నుంచి వచ్చిందా, రంగు కోసం కలిపిన లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ సీసపు రసాయనం నుంచి వచ్చిందా అన్నది ఆ ఒక్క అంకెను బట్టి తేలదు. లెడ్ క్రోమేట్ బరువులో దాదాపు 64 శాతం సీసమే. కిలో పసుపులో 39 మిల్లీగ్రాములు కలిసినా 25 పీపీఎం అయిపోతుంది. ఇంట్లో గ్లాసు నీళ్ళలో పసుపు వేసి చూస్తే ఇంత తక్కువ బరువు బయటపడదు.

నివేదికలో ‘గుర్తించలేదు’ అని ఉన్నా, ఆ పరీక్ష ఎంత తక్కువ సీసాన్ని పట్టగలదో అడగండి. 20 పీపీఎం లోపు పట్టలేని పరీక్ష 15 ఉన్న పసుపును కూడా ‘గుర్తించలేదు’ అనే చెబుతుంది. నివేదికలోని బ్యాచ్ సంఖ్య, ప్యాకెట్ మీది సంఖ్య ఒకటేనా అన్నదీ చూసుకోండి. ఇలాంటి సరుకు ఇప్పటికే కొని ఉంటే పారేయకండి, బిల్లుతో సహా దాచి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి.