పావ్‌పావ్ మొక్కలు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? జాగ్రత్త

ఓహాయో, వర్జీనియా, న్యూజెర్సీ వైపు ఇల్లు కొనుక్కుని పెరట్లో పావ్‌పావ్ వేద్దామనుకుంటున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. సీతాఫలం కుటుంబానిదే, ఇక్కడి అమెరికా అడవుల్లో పుట్టిన పండ్ల చెట్టు, మంచులోనూ బతుకుతుంది అని విన్నాక మనవాళ్లు ఆగరు. ఆ మోజే అమ్మేవాళ్లకి పెట్టుబడి.

ఒక ఆన్‌లైన్ నర్సరీలో షెనాండోవా రకం ఒకటి, సస్క్వెహానా రకం ఒకటి తెప్పించాను. పావ్‌పావ్ తన పుప్పొడితో తాను సరిగా కాయదు, వేరే రకం పక్కన ఉండాలి, అందుకే రెండు. రెండిటికీ 'గ్రాఫ్టెడ్', అంటే అంటు కట్టినవి, అనే రాసి ఉంది. మార్చిలో పెట్టె విప్పితే మట్టి లేని పుల్లలు. తల్లి వేరు తెగ్గొట్టి, తడి కాగితం చుట్టి పంపారు. అంటు మొక్కకి నేలకి కాస్త పైన వంకరో బొడిపో కనబడాలి. వీటికి కింది నుంచి పైదాకా ఒకటే నున్నటి కాండం! అడిగితే, "ఆ రకం గింజ నుంచే పెంచాం, అదీ అదే" అన్నారు. కాదండీ. గింజ మొక్కకి తల్లి గుణమే వస్తుందని నమ్మకం లేదు, పైగా కాపుకి 5 నుంచి 8 ఏళ్లు పట్టొచ్చు. అంటుదైతే 3, 4 ఏళ్లకే కాస్తుంది. ధర మాత్రం అంటుదే తీసుకున్నారు.

అసలు కిటుకు గ్యారంటీలో ఉంది. మొక్క చేరిన 30 రోజుల్లో చెబితేనే వేరేది ఇస్తారట. ఇక్కడి చలికి పావ్‌పావ్ ఆకు తొడిగేసరికి మే వస్తుంది. అంటే బతికుందో లేదో తెలిసేలోపే గడువు అయిపోతుంది. గోటితో గీకితే బెరడు కింద పచ్చగానే ఉంటుంది. కాండంలో దాచుకున్న బలంతో నాలుగు ఆకులూ వేస్తుంది. ఎండలు ముదిరాక, తెగిన వేరు నీళ్లు అందించలేక వాడిపోతుంది. నావి రెండూ అలాగే పోయాయి. ఫోన్ చేస్తే నీళ్లు సరిగా పోయలేదేమో అన్నారు! చివరికి 'గ్రాఫ్టెడ్' అని ఉన్న పేజీ స్క్రీన్‌షాట్, కాండం ఫొటోలు క్రెడిట్ కార్డువాళ్లకి పంపితే డబ్బు వెనక్కి వచ్చింది.

కొంటే, తల్లి వేరు తెగకుండా పొడుగాటి కుండీలో పెరిగిన మొక్కే కొనండి. కెంటకీ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1990 నుంచి దీని మీదే పనిచేస్తున్నారు, వాళ్లు విడుదల చేసిన అట్‌వుడ్, బెన్సన్ లాంటి రకాలు అంటు మొక్కలుగా దొరుకుతాయి. అడవిలో తవ్వి తెచ్చిన పిలకలు మాత్రం వద్దు: ఒకే వేరు నుంచి లేచినవి పది నాటినా ఒక్క చెట్టు కిందే లెక్క, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పనికిరాదు.

అలాంటి సైట్లలోనే అమెరికన్ పర్సిమన్ అనే ఇంకో పండ్ల చెట్టు కూడా అమ్ముతారు. అందులో మగ చెట్లు, ఆడ చెట్లు వేరు. గింజ మొక్క ఇస్తే ఏది వచ్చిందో పూత పూసేదాకా తెలీదు.

డబ్బు కట్టేముందు రెండు అడగండి: అంటు కట్టిన చోటు ఫొటో, గ్యారంటీ ఆకు తొడిగాక కూడా ఉంటుందా అన్నది. పెట్టె విప్పాక ఆ బొడిపె కనబడకపోతే, నాటకముందే ఫొటో తీసి అదే రోజు మెయిల్ పెట్టేయండి.