పట్రా పట్రా మంద: గిన్నీ కోళ్లతో ఆరేళ్లు

తోటకి కాపలా కుక్క ఎందుకండీ, గిన్నీ కోళ్లు పెట్టుకోండి అని ఒకాయన సలహా ఇచ్చాడు. పాము వస్తే చెబుతాయి, కొత్త మనిషి వస్తే చెబుతాయి, మేత ఖర్చు కూడా పెద్దగా ఉండదు అన్నాడు. అన్నీ నిజమే. ఎండు మట్ట రాలినా, గాలికి ప్లాస్టిక్ కవరు ఎగిరినా, నేను కొత్త లుంగీ కట్టుకున్నా కూడా చెబుతాయని మాత్రం అనలేదు.

మాది అమలాపురం దగ్గర రెండెకరాల కొబ్బరి తోట. మధ్యలో కోకో, గట్ల మీద అరటి, ఒక పక్కన పంట కాలువ. ఆరేళ్ల క్రితం శ్రావణ మాసంలో పన్నెండు పిల్లల్ని కొన్నాను. వానల్లో కొనడం నా మొదటి తప్పు. వీటి పుట్టిల్లు ఆఫ్రికా పొడి నేలలు, పిల్లలకి చెమ్మ అసలు పడదు. బల్బు వేసి వెచ్చగానే ఉంచినా, కింద వేసిన ఊక ఒక రాత్రి తడిసింది. పదిహేను రోజుల్లో నాలుగు పోయాయి.

అమ్మినతను "ఆరు జతలు" అని లెక్క చెప్పి ఇచ్చాడు. అదంతా మాట వరసకే. ఆ వయసులో ఏది పుంజో ఏది పెట్టో చూసి చెప్పడం చాలా కష్టం. సుమారు రెండు నెలలు నిండాక గొంతు చెబుతుంది. పెట్ట రెండు అక్షరాలు అరుస్తుంది, రెండోది పైకి లేపి. మా అమ్మ మొదటిసారి విని "పట్రా, పట్రా అంటోందిరా" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో వాటి పేరు పట్రా కోళ్లే. పుంజుకి ఆ రెండో అక్షరం రాదు. "చీ చీ చీ" అని ఒకటే మాట, కుట్టు మిషను తొక్కినట్టు. చిక్కేమిటంటే కంగారు పుడితే పెట్ట కూడా చీ చీ అంటుంది. కాబట్టి పట్రా అన్నది కచ్చితంగా పెట్ట, చీ అన్నది ఇంకా తేలనట్టే. అలా తేల్చుకుంటే మిగిలిన ఎనిమిదిలో ఐదు పెట్టలు, మూడు పుంజులు.

కాపలా సంగతి. మొదటి ఏడాది ప్రతి అరుపుకీ టార్చి పట్టుకుని పరిగెత్తాను. రెండో ఏడాదికి అరుపుల్లో తేడా చెవికి పట్టుబడింది. గద్ద నీడ పడితే ఒక పొట్టి అరుపు, అంతే, అన్నీ కోకో చెట్ల కిందకి దూరి బిగుసుకుపోతాయి. పాము అయితే దీనికి పూర్తిగా వ్యతిరేకం. దూరం పోవు, దగ్గరకి వస్తాయి. మెడలు సాచి, గుండ్రంగా నిలబడి, అన్నీ ఒకే గొంతుతో ఆగకుండా అరుస్తాయి. ఒకసారి మోటారు షెడ్డు దగ్గర అలా నిలబడితే వెళ్లి చూశాను, మధ్యలో తాచుపాము పడగ విప్పి ఉంది. చంపుతాయని చాలామంది చెబుతారు. మా తోటలో పెద్ద పాముని చంపడం నేను చూడలేదు. ఆ గోల భరించలేక అదే గట్టు దిగి వెళ్లిపోయింది. నాకు అదే చాలు.

దింపు కార్మికులు వచ్చిన రోజు మాత్రం ఏ తేడా లేదు, పొద్దున్నుంచి గెల దిగినప్పుడల్లా ఒకటే రభస. వాళ్లలో ఒకాయన చెట్టు మీద నుంచే "ఆయ్, పట్రా పట్రా అంటాయి గానీ ఏం పట్రమ్మంటున్నాయో చెప్పవేంటండీ" అన్నాడు. పక్క తోట బాబాయి గారికి ఇంత సరదాగా లేదు. తెల్లారగట్ల నాలుగున్నరకి ఆయన నిద్ర లేచేది వీటి వల్లే. పౌర్ణమి రోజుల్లో అర్ధరాత్రి కూడా. ఆయనకి నెలనెలా గుడ్లు పంపుతున్నాను. మీ ఇల్లు పక్కింటి గోడకి ఆనుకుని ఉంటే వీటి జోలికి పోకండి.

ఇక అసలు విషయం. గిన్నీ కోడి అని ఒకటి ఉండదు, మంద ఉంటుంది. మూడో ఏడాది ఒక పెట్ట ఎలాగో పంట కాలువ అవతలి గట్టుకి చేరింది. కాలువ వెడల్పు పదిహేను అడుగులు. రోజూ పనస చెట్టెక్కి పడుకునే పక్షి, ఎగిరితే ఒక్క ఊపు. కానీ ఎగరొచ్చన్న సంగతే మర్చిపోయినట్టు గట్టు వెంట అటూ ఇటూ పరుగులు తీస్తూ పట్రా, పట్రా అని ఒకటే ఏడుపు. ఇవతల మిగతావన్నీ దానికి ఎదురుగా అటూ ఇటూ నడుస్తూ బదులు పలుకుతున్నాయి. రెండు గంటలు అలా గడిచాక చీకటి పడబోతుండగా నిర్ణయం జరిగింది. అది ఇటు రాలేదు. ఇవన్నీ కలిసి అటు ఎగిరిపోయాయి. ఆ రాత్రి నా మంద బాబాయి గారి మామిడి చెట్టు మీద పడుకుంది. తర్వాత కథ మీరే ఊహించుకోండి.

మంద అంటే అంతా ప్రేమే అనుకోకండి. పెద్ద పుంజు వీపు గుండ్రంగా ఎత్తి, రెక్కలు బిగించి మిగతా రెండింటినీ తోటంతా తరుముతుంది. కొత్తవాళ్లంటే మరీ కక్ష. కుక్కలు రెండింటిని పట్టుకుపోయాక నాలుగు కొత్తవి తెచ్చి నేరుగా వదిలాను, ఇది రెండో తప్పు. పాతవి వాటిని నీళ్ల తొట్టి దగ్గరకే రానివ్వలేదు. మధ్యలో వల కట్టి రెండు వారాలు పక్కపక్కన ఉంచాక పగలు కలిసి మేయడం మొదలుపెట్టాయి. రాత్రి మాత్రం రెండు నెలల పాటు వేరే కొమ్మే. వీటి బంధువు, కెన్యాలో ఉండే రాబందు తల గిన్నీ కోడి మీద 2019లో ఒక పరిశోధన వచ్చింది. ఆ గుంపులు దేనికది విడిగా ఉంటూనే, కొన్ని ఎంచుకున్న గుంపులతో మాత్రం కలుస్తూ విడిపోతూ ఉంటాయట. చదివి నా పనస చెట్టు కొమ్మలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఎండలు ముదిరితే మంద జంటలుగా చీలిపోతుంది. గుడ్లు గూటిలో పెట్టవు. మూడు నాలుగు పెట్టలు కలిసి ఎండు మట్టల కింద ఒకే చోట దాచిపెడతాయి. ఒకసారి ఇరవై ఏడు దొరికాయి. గుడ్డు చిన్నది, పెంకు రాయి. చోటు బయటపెట్టేది పుంజే, పెళ్లాం లోపల ఉంటే బయట ఊరికే నిలబడి ఉంటుంది పాపం. పొదుగు 26 నుంచి 28 రోజులు. ఆ రాత్రుళ్లు పెట్ట నేల మీదే ఉండాలి కాబట్టి ఒకదాన్ని పోగొట్టుకున్నాను, ఈకలే మిగిలాయి. పిల్లలు బయటికి వచ్చినా తల్లి వాటిని తడి గడ్డిలో తిప్పి తిప్పి చంపుకుంటుంది. అందుకే ఇప్పుడు గుడ్లు తీసి నాటుకోడి కింద పెడుతున్నాను. నాటుకోడి పిలుపు ఈ పిల్లలకి బాగానే అర్థమవుతుంది, దాని వెంటే సాయంత్రం గంప కిందకి చేరతాయి. అలా పెరిగినవి పెద్దయ్యాక కూడా గూటికే వస్తున్నాయి. పనస చెట్టు బ్యాచి మాత్రం మారలేదు.

కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగు తగ్గుతుందా అని అడుగుతుంటారు. దాని పిల్ల పురుగులు ఉండేది పెంటకుప్ప లోపల. ఇవి నాటుకోడిలా పెంటకుప్ప గీకవు, పైన దొరికింది ఏరుకుంటాయి. నాటుకోళ్లు తవ్వితే పక్కన నిలబడి లాక్కుంటాయి. పందానికి పనికొస్తాయా అని కూడా సంక్రాంతికి ముందు ఎవరో ఒకరు అడుగుతారు. రావు.

మళ్లీ కొంటారా అంటే కొంటాను, వేసవి మొదట్లో, ఆరుకి తగ్గకుండా. ఇజ్జత్‌నగర్ కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వాళ్లవి కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి అని మూడు రకాలున్నాయి, కళ్లకి చుక్కల కాదంబరే నాకిష్టం. మొన్న ఒకాయన కాపలాకి ఒక్కటి చాలు ఇవ్వండి అని వచ్చాడు, ఇవ్వలేదు.

ప్రస్తుతం పదిహేడు ఉన్నాయి. పదహారు అనాలేమో, నాలుగు రోజులుగా ఒక పెట్ట కనపడటం లేదు. దాని పుంజు కోకో చెట్ల పడమటి వరుస దగ్గర మేత మానేసి నిలబడి ఉంది. పొదుగుకి కూర్చున్న నాటుకోడి ఒకటి దొరికితే అప్పుడు వెళ్లి వెతుకుతాను.